వాగ్గేయకారుడు బాలమురళి: 72 మేళాల నుంచి మూడు స్వరాల దాకా

మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి పేరు ఎత్తగానే మా కరీంనగరం, ఆదిలాబాదు ప్రాంతాల పెద్దలకు ముందుగా గుర్తుకు వచ్చేది తెల్లవారి రేడియోలో వినిపించిన భక్తిరంజని. ఆ తరువాత 1967లో వచ్చిన 'భక్త ప్రహ్లాద' చిత్రంలోని నారదుడు. కాస్త సంగీత పరిచయం ఉన్నవారైతే మూడు స్థాయిలలోనూ అవలీలగా విహరించే ఆ కంఠాన్ని గురించి చెబుతారు. ఈ జ్ఞాపకాలన్నింటిలోనూ ఉన్నది గాయకుడే. నాలుగు వందలకు పైగా రచనలు చేసిన వాగ్గేయకారుడు వాటిలో కనిపించడు. ఆ వాగ్గేయకారుణ్ణి గురించి, ఆయన తన బాణీని తాను కనుగొన్న తీరును గురించి, నాకు తోచిన నాలుగు మాటలు ఈ టపాలో మనవి చేస్తాను.

వాగ్గేయకారుడంటే ఎవరన్న ప్రశ్నకు 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో సమాధానం చెప్పాడు. పాటలోని మాటకు 'మాతువు' అని పేరు, వరుసకు 'ధాతువు' అని పేరు. రెండింటినీ తానే కూర్చగలవాడు వాగ్గేయకారుడు. అంతటితో ఆగక అతనికి ఉండవలసిన గుణాలను కూడా ఆ ఆచార్యుడు లెక్కపెట్టాడు. వాటిలో రెండు ముఖ్యమైనవి. ఇతరుల నోట నలిగి ఎంగిలిపడిన ఉక్తిని పట్టకుండా ఉండటం ఒకటి, కొత్త ధాతువును నిర్మించగలగడం రెండవది. ఏడు వందల ఏళ్ళ నాటి ఈ నిబంధన ఈనాటికీ ఎంత కఠినమైనదో ఆలోచించండి. సంప్రదాయ సంగీతంలో శిష్యుడు నేర్చుకునేదంతా గురువు నోటి నుంచి వచ్చినదే. పదిహేను, ఇరవై ఏళ్ళు ఆ నోటి మాటనే వల్లె వేసిన తరువాత ఎంగిలి కానిది ఒకటి తన నోట పలకాలంటే ఎక్కడి నుంచి రావాలి?

బాలమురళి విషయంలో ఈ చిక్కు మరీ పెద్దది. ఆయన 1930 జూలై 6న, నేటి కోనసీమ జిల్లాలోని శంకరగుప్తంలో జన్మించారు. తండ్రి పట్టాభిరామయ్య గారు సంగీత విద్వాంసులు, తల్లి సూర్యకాంతమ్మ గారు వీణావాదనం తెలిసినవారు. బిడ్డ పుట్టిన పదిహేను దినాలకే ఆ తల్లి కన్నుమూసింది. తండ్రి పెంపకంలో పెరిగిన ఆ బాలుడు విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి (1883–1951) శిష్యుడయ్యాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మురళీకృష్ణ. ఆ పసివాడి పాట విని ముగ్ధులైన హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు ముందు 'బాల' శబ్దాన్ని చేర్చారు. ఎనిమిదవ ఏట విజయవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవంలో పూర్తి కచేరీ చేశాడంటే ఆ పేరు ఎంత సార్థకమో ఊహించవచ్చు.

ఇక గురుపరంపర చూడండి. త్యాగరాజస్వామి (1767–1847) శిష్యులు మానాంబుచావడి వేంకటసుబ్బయ్య గారు. వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు. కావేరీ తీరానికి పోయి ఆ విద్యను కృష్ణా తీరానికి తెచ్చిన మహానుభావుడాయన. వారి శిష్యులు పారుపల్లి వారు. వారి శిష్యుడు బాలమురళి. అంటే త్యాగరాజ స్వామిని మొదలుగా లెక్కిస్తే ఐదవ తరం. ఇటువంటి పరంపర వరమే, కాదనను. కాని పాట కట్టదలచిన పిల్లవానికి అదే పెద్ద బరువు కూడా. తోడి అనుకోగానే, కల్యాణి అనుకోగానే, శంకరాభరణం, ఖరహరప్రియ అనుకోగానే ఆ రాగంలో త్యాగయ్య గారు నడిచిన బాట చెవిలో మోగుతుంది. కొత్త పల్లవి ఎత్తబోతే పాత పల్లవి వచ్చి ముందు నిలబడుతుంది. మన పద్యకవులకు పోతన అడ్డుపడినట్లే ఇదీను. భక్తి మీద మత్తేభం రాయబోయి పోతన గారి సమాసాన్ని కాగితం మీద దించని విద్యార్థిని నా ఉద్యోగ జీవితంలో నేను చూడలేదు.

ఈ బాలుడు ఎంచుకున్న దారి విచిత్రమైనది. 72 మేళకర్త రాగాలలోనూ, ఒక్కటీ విడవకుండా, కృతులు రచించాడు. పదిహేనవ ఏటికే ఆ రాగాలన్నీ ఆయనకు వశమయ్యాయని, వాటిలో రచనలు సాగాయని ప్రసిద్ధి. ఆ కృతులు 1952లో 'జనకరాగమంజరి' పేర గ్రంథరూపం పొందాయి. తరువాతి కాలంలో 'రాగాంగ రవళి' అనే పేరుతో తొమ్మిది భాగాల ధ్వనిముద్రణగా వెలువడ్డాయి.

సంగీతంతో పరిచయం లేని మిత్రుల కోసం ఈ 72 సంగతి కొంచెం చెప్పాలి. 17వ శతాబ్దంలో వేంకటమఖి 'చతుర్దండీప్రకాశిక'లో చేసిన లెక్క ఇది. షడ్జ పంచమాలకు మార్పు లేదు. మధ్యమానికి రెండు రూపాలు. రిషభ గాంధారాలు కలిసి ఆరు విధాలు, ధైవత నిషాదాలు కలిసి ఆరు విధాలు. ఆరును ఆరుతో హెచ్చిస్తే 36, దానిని రెండు మధ్యమాలతో హెచ్చిస్తే 72. మేళం పేరులోని మొదటి రెండక్షరాలను కటపయాది సూత్రంతో అంకెలుగా మార్చి తలకిందులు చేస్తే దాని వరుస సంఖ్య వస్తుంది. ధీరశంకరాభరణంలో 'ధ' తొమ్మిది, 'ర' రెండు. తిరగవేస్తే 29. మేచకల్యాణిలో 'మ' అయిదు, 'చ' ఆరు. తిరగవేస్తే 65. పండిత శిక్షణ పొందినవారికి ఈ లెక్క తలకట్టు, గుడి దీర్ఘాలంత సులభం.

అయితే ఈ 72 ఇండ్లలో అన్నింటా జనం కాపురం లేరు. వీటిలో 40 మేళాలు వివాది మేళాలు. షట్శ్రుతి రిషభం పక్కనే అంతర గాంధారం, శుద్ధ రిషభం పక్కనే శుద్ధ గాంధారం, అలాగే ధైవత నిషాదాలలోనూ పక్కపక్కనే ఇరుక్కుని కూర్చున్న స్వరాలు ఉండే మేళాలివి. ఒకదానినొకటి తోసుకునే ఆ స్వరాలు చెవికి కటువుగా తగులుతాయని, వాటిని పాడితే దోషమని కూడా ఒక నమ్మకం ఉండేది. అందుచేత పూర్వులు వాటిలో కొద్ది కృతులే చేశారు. మహా వైద్యనాథయ్యర్ (1844–1893) 72 మేళాలనూ ఒకే రాగమాలికలో గుచ్చారు. 20వ శతాబ్ది పూర్వార్ధంలో కోటీశ్వరయ్యర్ తమిళంలో ఒక్కొక్క మేళానికి ఒక్కొక్క కృతి రచించారు. అంటే ఈ పని తలపెట్టిన మొదటివాడు బాలమురళి కాదు. కాని మీసం రాని వయసులో, తెలుగులోనూ సంస్కృతంలోనూ, మాతుధాతువులు రెండూ తనవిగా ఈ వ్రతం పట్టినవాడు ఆయన.

దీనిని చాలామంది బాలమేధావి చేసిన అద్భుతంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఇందులో అద్భుతం కంటె ఒక గొప్ప అభ్యాసం కనిపిస్తుంది. మన అవధానంలో నిషిద్ధాక్షరి ఉన్నది కదా. అవధాని ఒక అక్షరం చెప్పగానే తరువాత రాగల సహజమైన అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. నలుగురూ నడిచే దారి మూసుకుపోతుంది. అప్పుడు అవధాని తన నిఘంటువులోకి, తనకు మాత్రమే తెలిసిన మూలల్లోకి పోవలసి వస్తుంది. అతని అసలు భాష ఏదో అక్కడ బయటపడుతుంది. వివాది మేళాలు ఆ బాలునికి అటువంటి పృచ్ఛకులు. గానమూర్తిలోనో, చలనాటలోనో అనుకరించడానికి త్యాగయ్య గారి కృతులు వందలకొద్దీ లేవు. అక్కడ కొత్త ధాతువు చేయడం తప్ప గత్యంతరం లేదు. ఆ 40 ఇండ్లలో కొంతకాలం ఒంటరిగా తిరిగి వచ్చినవానికి తోడి, కల్యాణి వంటి జనసమ్మర్దం గల వీధులలో కూడా తన నడక తనకు ఉంటుంది. 72 అనే సంఖ్య ఘనత కోసం కాదు, ఎంగిలి వదిలించుకోవడం కోసం ఉపయోగపడిందని నా అభిప్రాయం.

బాణీ దొరకడంలో ఇది మొదటి మెట్టు. రెండవ మెట్టు రేడియో.

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ఆ కేంద్రంలోనూ, తరువాత హైదరాబాదు, మద్రాసు కేంద్రాలలోనూ బాలమురళి పనిచేశారు. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలుగా కూడా ఉన్నారు. భక్తిరంజని ద్వారా రామదాసు కీర్తనలు, సదాశివ బ్రహ్మేంద్రుల కృతులు, తత్త్వాలు ఇంటింటికీ చేరాయి. 'ఏమి సేతురా లింగా' అనే తత్త్వం ఆయన గొంతులో వినని తెలుగువాడు ఆ తరంలో అరుదు. మా వైపు ఈ తత్త్వాలు కొత్తవి కావు. ఏకతార మీటుకుంటూ బైరాగులు ఊరూరా పాడుతుండేవారు. కాని రాగాల లెక్కలన్నీ తెలిసిన విద్వాంసుడు వాటిని గమకాల బరువుతో నలిపివేయకుండా, బైరాగి పాడినంత సరళంగా పాడటం కొత్త. నిజాం సంస్థానంలో దర్బారు ఆదరణ ఎక్కువగా హిందుస్తానీ సంగీతానికి దక్కింది. మా పల్లెలకు సభలూ కచేరీలూ ఎరుక లేవు. వేములవాడ రాజరాజేశ్వరస్వామి సన్నిధిలో జరిగే త్యాగరాజ ఆరాధనోత్సవాలు తప్పిస్తే కర్ణాటక సంగీతం మాకు చేరిన బాట రేడియోనే. ఆ రేడియోలో మొదట వినిపించింది సరళమైన వరుస. అందువల్లనే అది మా లోపలికి పోయింది.

72 మేళాలను జయించినవాడు తత్త్వంలోని నాలుగు స్వరాల వరుసను అంత శ్రద్ధగా పాడటంలో ఒక అర్థం ఉన్నది. ఏడు స్వరాలూ నిండుగా ఉన్న రాగాలన్నీ చూసినవానికి తరువాత తోచే ప్రశ్న ఒక్కటే: ఎంత తక్కువతో రాగం నిలుస్తుంది? బాలమురళి తరువాతి రచన ఈ ప్రశ్నకు సమాధానం.

ఆయన కల్పించిన రాగాలలో లవంగి ఉన్నది. దానికి స రి మ ద అనే నాలుగే స్వరాలు. మహతి ఉన్నది. దానికి స గ ప ని అనే నాలుగే స్వరాలు. సుముఖం కూడా నాలుగు స్వరాలదే. సర్వశ్రీలో ఇంకా తగ్గి స మ ప అనే మూడు స్వరాలే మిగిలాయి. గణపతి అనే రాగం కూడా అటువంటి మూడు స్వరాలదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. కర్ణాటక సంగీతంలో ప్రతి జన్యరాగానికీ ఒక జనకమేళాన్ని చెప్పడం వాడుక. పిల్లను చూపి తల్లిని చెప్పమన్నట్లు. లవంగిలో ఉన్నవి శుద్ధ రిషభం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం. గాంధారం, నిషాదం లేవు గనుక వాటి స్థానంలో ఏవైనా ఉండవచ్చు. లెక్కిస్తే తొమ్మిది మేళాలు దానికి తల్లులు కాగలవు. మహతిలో ఉన్నవి అంతర గాంధారం, కైశికి నిషాదం. దానిని హరికాంభోజి జన్యమంటారు గాని, లెక్కిస్తే 12 మేళాలకు ఆ హక్కు ఉన్నది. సర్వశ్రీకి వస్తే రిషభ గాంధారాలూ లేవు, ధైవత నిషాదాలూ లేవు. 36 మేళాలు దానిని తమ బిడ్డే అనవచ్చు. అందరికీ బిడ్డ అంటే ఎవరికీ కాదన్న మాటే. పదిహేనేళ్ళ వయసులో 72 గళ్ళనూ ఒక్కొక్కటిగా నింపినవాడు పెద్దయ్యాక ఏ గడిలోనూ ఇమడని పాటలు కట్టాడు. కంచె మొత్తం చుట్టి వచ్చినవానికే కంచె ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. ఆయన బాణీ దొరికిన చోటు అదేనని నేననుకుంటాను.

మహతి అనే పేరు కూడా గమనించదగినది. నారదుని వీణ పేరు మహతి. ఆ రాగంలోని నాలుగు స్వరాలనూ ఒక్కసారిగా మోగిస్తే పాశ్చాత్య సంగీతజ్ఞులు ఎంతో వాడే ఒక స్వరసమూహం వస్తుంది. వారి చెవికి ఆ సమూహం ఒక ప్రశ్న వంటిది. వెంటనే ఇంకొక సమూహంలోకి పోయి విశ్రాంతి పొందాలని వారి వ్యాకరణం. బాలమురళి మహతిలో ఆ ప్రశ్న ప్రశ్నగానే ఉంటుంది. షడ్జం మీదికి వచ్చి నిలిచినా కైశికి నిషాదపు గాలి ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడికో పోవలసిన స్వరాలు పోకుండా అక్కడే నివసించడం ఆ రాగానికి అందం. 1975లో వచ్చిన తమిళ చిత్రం 'అపూర్వ రాగంగళ్'లో ఎం.ఎస్. విశ్వనాథన్ గారు ఈ రాగాన్ని వాడారు. జేసుదాసు గారు పాడిన ఆ పాట వల్ల సంగీతశాస్త్రం తెలియని లక్షల మంది చెవులకు మహతి చేరింది.

చేరిన చోట వివాదమూ వచ్చింది. వీణ విద్వాంసులు ఎస్. బాలచందర్ (1927–1990) ఈ కొత్త రాగాల మాటను బహిరంగంగా, తీవ్రంగా ఖండించారు. ఆ వాదంలో ప్రధానమైన ప్రశ్నలు రెండు. రాగాన్ని ఒక మనిషి కల్పించగలడా అన్నది మొదటిది. ఓడవం అనగా అయిదు స్వరాలైనా లేనిదే రాగం అవుతుందా అన్నది రెండవది. ఈ రెండూ తేలికగా తోసివేయవలసినవి కావు. నాలుగు స్వరాలను ఏరుకుని కాగితం మీద రాసినంత మాత్రాన రాగం కాదు. గణాలు సరిపోయినంత మాత్రాన పద్యం కానట్లే. పాడగా పాడగా దానికి ఒక ముఖం, ఒక నడక ఏర్పడాలి. మొదటి ప్రశ్నకు సమాధానం వాదంతో తేలదు, పాటతోనే తేలుతుంది. మహతి వినగానే దీనిని మరొక రాగమని పొరపడము. అంతకంటె రుజువు ఏమి కావాలి?

రెండవ ప్రశ్నకు మాత్రం శాస్త్రంలోనే ఒక ఆశ్చర్యకరమైన సమాధానం ఉన్నది. 'బృహద్దేశి' కర్త మతంగుడు స్వరసంఖ్యను బట్టి గానాన్ని విభజించాడు. ఒక స్వరం ఉంటే ఆర్చికం, రెండుంటే గాథికం, మూడుంటే సామికం, నాలుగుంటే స్వరాంతరం. అయిదు, ఆరు, ఏడు స్వరాలవి ఓడవ, షాడవ, సంపూర్ణాలు. ఇంతవరకు చెప్పి, నాలుగు స్వరాలవి మార్గ సంగీతానికి చెందవన్నాడు. మరి ఎవరు పాడుతారట? శబరులు, పుళిందులు, కిరాతులు మొదలైనవారి జాబితా ఇచ్చాడు. అడవులలో ఉండేవారినీ అందులో చేర్చాడు. ఆ జాబితాలోనే ద్రావిడులు ఉన్నారు. ఆంధ్రులూ ఉన్నారు!

వెయ్యేళ్ళకు పైబడిన శాస్త్రగ్రంథం ఆంధ్రులను తక్కువ స్వరాల పాట పాడే జనంగా, శబర పుళిందుల పంక్తిలో కూర్చోబెట్టింది. ఆ మాటలో కొంత చిన్నచూపు లేకపోలేదు. కాని నాకు అది చదివినప్పుడు కోపం రాలేదు, సంతోషం కలిగింది. నిజమే కదా అనిపించింది. ఆశ్వయుజ మాసంలో మా కరీంనగరం వాడల్లో బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడబిడ్డల పాటలు వినండి. ఉయ్యాలో అని, చందమామ అని, కోలు కోలు అని సాగే ఆ వరుసలలో అనేకం నాలుగైదు స్వరాల పరిధి దాటవు. ఒగ్గు పూజారి మల్లన్న కథ ఎత్తుకున్నప్పుడు రాగం తీసే తీరు వినండి. ధర్మపురిలో వేదపండితులు స్వస్తి చెప్పేటప్పుడు వినండి. ఉదాత్త, అనుదాత్త, స్వరితాలనే మూడు మెట్ల మీదనే వారి గొంతు నడుస్తుంది. ఆదిలాబాదు అడవులలో ప్రధాన్లు మూడు తీగల కిక్రీ వాయిస్తూ రాజ్‌గోండుల పూర్వకథలు గానం చేయడం వినండి. వేదం నుంచి అడవి దాకా ఏడు స్వరాలు లేనందుకు చిన్నబోయిన పాట ఒక్కటీ కనిపించదు. బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది. ఆ వరుసలు మాత్రం రాష్ట్రాలూ రాజ్యాలూ పుట్టక ముందటివి.

హంగరీ దేశపు స్వరకర్త బేలా బార్టోక్ (1881–1945) తన సంగీతానికి స్వంత గొంతు వెతుక్కుంటూ 20వ శతాబ్ది తొలి దశకంలో ధ్వనిముద్రణ యంత్రం పట్టుకుని పల్లెలకు పోయాడు. రైతులు పాడుకునే పాటలను వేల సంఖ్యలో సేకరించాడు. అక్కడ దొరికిన వరుసలు ఆయన రచననే మార్చివేశాయి. బాలమురళి దారి వేరు. ఆయన శాస్త్రం లోపలి నుంచే నడిచారు. మేళాలన్నీ పూర్తిచేసి, స్వరాలను ఒక్కొక్కటిగా విడుస్తూ పోగా, పల్లె పాటలూ వేదమూ మొదటి నుంచీ ఉన్న చోటికి చేరుకున్నారు. బార్టోక్ ఊరి బాటన పోయినచోటికి ఈయన లెక్క బాటన పోయారన్న మాట.

విడవడం వల్ల కొత్త శైలి పుట్టడం మన సాహిత్యానికి తెలియనిది కాదు. 16వ శతాబ్దంలో పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర' రచించాడు. తత్సమాలను వదలిపెట్టి అచ్చతెనుగులో చేసిన మొదటి కావ్యమది. పటాన్‌చెరువు అమీన్‌ఖానుకు అంకితం పొందిన ఆ కావ్యం మా తెలంగాణ నేల మీదనే పుట్టింది. సంస్కృత పదం లేనిదే కావ్యగౌరవం ఎలాగని పండితులు అనుకునే రోజులలో, ఉన్నదానిలో సగం విడిచి, మిగిలిన సగంలో ఎంత బలం ఉన్నదో తెలగన చూపాడు. సంస్కృతం రానివాడు చేయగల పని కాదది. బాగా వచ్చినవాడే, ఎక్కడెక్కడ అది చొరబడుతుందో తెలిసినవాడే చేయగలడు. మూడు స్వరాల రాగం కూడా అంతే. 72 తెలియనివాడు మూడు స్వరాలు పాడితే అది అతనికి ఉన్నదంతా. తెలిసినవాడు పాడితే అది ఎంచుకున్నది. రెండింటికీ నా మనసులో సమానమైన గౌరవమే ఉన్నది. వాగ్గేయకారుని బాణీ అన్నది మాత్రం ఆ ఎంపికలోనే ఉంటుంది.

ఆయన రచన అంతా ఇటువంటి పొదుపే అనుకోవద్దు. బృందావని, కదనకుతూహలం రాగాలలోని తిల్లానాలు విన్నవారికి ఆ లయ చమత్కారం తెలుసు. తాళం మీద కూడా ఆయన కొత్త ఆలోచన చేశారు. త్రిముఖి, పంచముఖి, సప్తముఖి, నవముఖి అనే తాళభేదాలను కల్పించారు. వయొలిన్, వయోలా, మృదంగం, కంజీరా స్వయంగా వాయించగలిగినవారు గనుక లయ ఆయనకు బయటి నుంచి వచ్చిన అలంకారం కాదు. కృతి చివర 'మురళి' ముద్ర వేయకపోయినా ఆ నడకను బట్టి కర్తను పోల్చుకోవచ్చు. బాణీ దొరికిందనడానికి అంతకంటె గుర్తు లేదు.

లోకం ఆయనను గౌరవించలేదని ఎవరూ అనలేరు. 1971లో పద్మశ్రీ, 1978లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రెంచి ప్రభుత్వపు షెవాలియే పురస్కారం వచ్చాయి. కన్నడ చిత్రాలలో 'హంసగీతె'కు ఉత్తమ గాయకునిగా, 'మధ్వాచార్య'కు ఉత్తమ సంగీత దర్శకునిగా జాతీయ బహుమతులు అందుకున్నారు. 2016 నవంబరు 22న చెన్నైలో పరమపదించారు.

అయినా నాకు ఒక బెంగ ఉన్నది. గాయకునికి ధ్వనిముద్రణ చాలు. బాలమురళి గొంతు యూట్యూబులో చిరకాలం ఉంటుంది. వాగ్గేయకారునికి అది చాలదు. అతడు బతకవలసింది ఇతరుల గొంతులలో. త్యాగరాజ స్వామి కంఠం ఎలా ఉండేదో మనకు తెలియదు. ఆయన కృతులు మాత్రం శిష్యుల తాళపత్రాల నుంచి, వారి శిష్యుల నోళ్ళ నుంచి, ఈనాటి పసిపిల్లల దాకా వచ్చాయి. బాలమురళి విషయంలో ఇది తలకిందులయ్యే ప్రమాదం ఉన్నది. కంఠం మిగిలి, కృతి మరుగున పడవచ్చు. పాడినవాడే అంత గొప్పవాడైతే, ఆ కృతిని మళ్ళీ ఎత్తుకోవడానికి ఇతరులకు జంకు కలగడం సహజం. త్యాగయ్య గారి నీడ నుంచి తప్పించుకోవడానికి ఆయన 72 మేళాలు చుట్టవలసి వచ్చింది. ఇప్పుడు ఆయన కృతులు ఆయన కంఠపు నీడ నుంచే తప్పించుకోవలసి ఉన్నది.

దానికి ఉపాయం కష్టమైనది కాదు. నేను పనిచేసిన బడులలో సంగీతం చెప్పే ఉపాధ్యాయులు ఉండేవారు కారు. అయినా పద్యం రాగయుక్తంగా చదవగల పిల్లలు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురు ఉండనే ఉండేవారు. అటువంటి పిల్లలకు ముందుగా సంపూర్ణ రాగాలు నేర్పాలన్న నియమం ఎందుకు? స మ ప అనే మూడు మెట్లతో మొదలుపెట్టవచ్చు. బతుకమ్మ ఆడిన పిల్లకు, భజనలో తాళం వేసిన పిల్లవానికి ఆ మెట్లు ముందే తెలుసు. సర్వశ్రీ నుంచి మహతికి, మహతి నుంచి హరికాంభోజికి పోవడం వారికి కొత్త ఊరికి పోవడంలా ఉండదు, పెరటి నుంచి వీధిలోకి పోయినట్లు ఉంటుంది. బాలమురళి 72 నుంచి మూడుకు దిగి వచ్చిన మెట్లు మన పిల్లలు మూడు నుంచి పైకి ఎక్కడానికి పనికివస్తాయి. ఈ టపా చదివిన మిత్రులలో పాడగలవారు ఉంటే, ఇంట్లో పిల్లలకు ఆయన కృతి ఒక్కటి నేర్పండి. ఏ రాగంలో నేర్పారో కింద వ్యాఖ్యలో రాస్తే చాలా సంతోషిస్తాను.

స్వస్తి.